సువార్తమ్మ నుదుటి మీద నా వేలు

ఏప్రిల్ 28, సోమవారం

ఈ వారం గుడి మంచినీళ్ళ ప్లాంటు దగ్గర వంతు నాది. పొద్దున ఆరింటికే రామాలయం గోడ వెంట బిందెల వరుస. వీధిలో బోర్లన్నీ ఎండిపోయాయి. పక్కవీధి బోరింగు ఒక్కటే ఆడుతోంది, ఆ ఫ్లోరైడ్ నీళ్ళు తాగితే మోకాళ్ళు పట్టేస్తాయి.

కమిటీ ప్రెసిడెంటు శేషయ్య బావగారు కుళాయి పక్కన కుంకుమ పళ్ళెం పెట్టించారు. కొత్త పద్ధతి. బొట్టు పెట్టుకున్నవాళ్ళు ముందు, వద్దన్నవాళ్ళు వెనక. "గుడి నీళ్ళు కదమ్మా, బొట్టు పెట్టుకుంటే తప్పేంది? బలవంతం ఏం లేదులే."

బలవంతం లేదు. పదింటికి ట్యాంకు ఖాళీ, అంతే.

ఏప్రిల్ 29

సువార్తమ్మ వచ్చింది. చర్చి మనిషి, బొట్టు పెట్టుకోదు. వరుస చివర నిలబడింది. ఖాళీ బిందెతో వెళ్ళిపోయింది. నిన్న కూడా అంతే.

"రేపొస్తాలే అక్కా" అని నవ్వింది. నేను పళ్ళెం వంక చూశాను, ఆమె వంక కాదు.

అమ్మ మంచాన పడిన రెండేళ్ళు ఒంటికీ రెంటికీ ఎత్తి దించింది ఈమే. మా బంధువులు పండ్లు తెచ్చి గుమ్మంలోనే మాట్లాడి పోయేవాళ్ళు. సువార్తమ్మ ఊరికి పోతే ఆమె చర్చి ఆడవాళ్ళు వంతులేసుకుని వచ్చారు. సువార్తమ్మ మంచం పక్కన మెల్లిగా ప్రార్థన చేసేది. అమ్మ కళ్ళు మూసుకుని వినేది. నేను వంటింట్లో గిన్నెలు చప్పుడు చేసేదాన్ని, విననట్టు.

ఏప్రిల్ 30

మళ్ళీ వచ్చింది. ఆమె భర్త దేవదానానికి పలకల ఫ్యాక్టరీ దుమ్ముతో దగ్గు, డాక్టరు మంచినీళ్ళే తాగించమన్నాడట.

నాకొక తెలివి పుట్టింది. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

"నువ్వు పెట్టుకుంటే కదా మీకు పాపం. నేను పెడితే నీకేం అంటదులే."

"వద్దక్కా..." అంది. మాట పూర్తి కాకముందే పెట్టేశాను. ఇంటికొచ్చిన ఆడమనిషికి పెట్టినట్టు, ప్రేమగానే. నిజంగా ప్రేమగానే అనుకున్నాను.

బిందె నిండింది. వీధి మలుపులో బిందె దించి, కొంగుతో నుదురు తుడుచుకుంది. ఒకసారి కాదు, చర్మం ఎర్రబడేదాకా.

మే 1

కమిటీ వాట్సాప్ గ్రూపులో ఫొటో. నా వేలు, ఆమె నుదురు. కింద ఎవరో — "అందరూ మనవాళ్ళే". దండాల బొమ్మలు ఇరవై.

నేనూ ఒక దండం పెట్టాను. ఎందుకు పెట్టానో.

మే 4, ఆదివారం

ఫొటో వాళ్ళ చర్చికీ చేరింది. ఈ రోజు ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి సువార్తమ్మను రావద్దన్నారట. స్త్రీల కూటంలో పాట ఎత్తేది ఆమే, అదీ వేరేవాళ్ళకు ఇచ్చారు. వెనక గోడ దగ్గర కూర్చోబెట్టారు.

అక్కడా వరుసే. అక్కడా వెనకే.

మే 5

పెరటి గుమ్మం దగ్గరికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"ఒక్క మాట వచ్చి చెప్పక్కా పాస్టరు గారికి. నేనడగలేదు, నువ్వే పెట్టినావని. ఇరవై ఏండ్లు పాడినా అక్కా ఆ చర్చిలో..."

"వస్తాను" అన్నాను.

నీళ్ళకు రావడం మానేసింది. బోరింగు నీళ్ళే మోస్తోంది.

మే 7

మా ఆయనతో చెప్పాను. అన్నం కలుపుతూనే — "వాళ్ళ చర్చి గొడవ మనకేంది? రేపు శేషయ్య మొగం ఎట్ల చూడాల నేను? మన దుకాణం ఎదురుగానే కూర్చుంటాడు."

మే 9

దేవుడున్నాడో లేడో నాకు తెలియదు. యాభై ఏళ్ళుగా దీపం పెడుతున్నాను, ఇంకా తెలియదు. ఎవరితోనూ అనలేదు. ఇక్కడే రాస్తున్నాను.

ఈ ప్లాంటు పెట్టింది గుడే. మా అత్తగారి కాళ్ళు వంకర పోయినప్పుడు ఈ నీళ్ళు లేవు. ఇప్పటి పిల్లలు నిటారుగా నడుస్తున్నారు. అమ్మ ఒళ్ళు తుడిచింది చర్చి ఆడవాళ్ళు. గుడీ చర్చీ లేకపోతే మనం మంచివాళ్ళమై ఉండేవాళ్ళమా? నమ్మకం లేదు. కమిటీ లేకపోయినా నేను నేనే కదా.

దేవుడున్నాడంటే చూశాడు. లేడంటే ఆ వేలు నాది ఒక్కదానిదే, ఎవరి మీదికీ నెట్టలేను. ఎటు చూసినా తప్పించుకోవడానికి లేదు.

మే 11, ఆదివారం

వెళ్ళాను.

పాస్టరు గారు స్వయంగా కుర్చీ వేశారు. "రండమ్మా, కూర్చోండి." పెద్దమనిషి. కోపం లేదు. ప్రార్థనకు వచ్చినవాళ్ళంతా నా నుదుటి బొట్టే చూస్తున్నారు. సువార్తమ్మ గోడ దగ్గర నిలబడింది, కొత్త చీరలో. నా కోసమే కట్టుకుందేమో.

నోరు తెరిచాను. శేషయ్య బావగారు గుర్తొచ్చారు. మా ఆయన గుర్తొచ్చారు.

"ఆ రోజు చాలా రద్దీ అండీ. ఆ రద్దీలో ఎవరో పెట్టినారు."

ఎవరో!

"ఎవరో పెడితే అక్కడే తుడుచుకోవచ్చు కదమ్మా" అన్నారాయన, నన్ను కాదు, ఆమెను.

సువార్తమ్మ నా వంక చూసింది. నా పేరు చెప్పొచ్చు. ఫొటోలో వేలికి ఉన్న ఉంగరం నా వేలికే ఉంది. చెప్పలేదు. తల వంచుకుంది. నన్ను కాపాడింది.

సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. చావలేదు. ఇంటికొచ్చి పప్పు తాలింపు వేశాను.

మే 12

ప్లాంటు నీళ్ళు రెండు బిందెలు ఆటోలో తీసుకెళ్ళి ఆమె గుమ్మం ముందు పెట్టాను. తలుపు కొట్టలేదు.

మే 13

ఏం లేదు.

మే 15

ఆ వీధికి వెళ్ళాను. బిందెలు పెట్టినచోటే ఉన్నాయి. నిండుగా. పైన ధూళి తేలుతోంది. లోపల దేవదానం దగ్గు.

సువార్తమ్మ బోరింగు నుంచి వస్తోంది, నడుం మీద బిందె.

"ముట్టుకోలేదేంది, మంచినీళ్ళు!" అన్నాను.

"నీవా అక్కా?" అంది. గొంతులో కోపం లేదు. "ఎవరో పెట్టిపోయినారనుకున్నా."

లోపలికెళ్ళింది. తలుపు వేయలేదు. నేను గుమ్మం దాటలేదు.

మే 17, శనివారం

శేషయ్య బావగారు కబురు పంపారు. సోమవారం నుంచి మళ్ళీ నా వంతు. "పళ్ళెం తుడిచి పెట్టినాం, కుంకుమ కూడా కొత్తది తెచ్చినాం అన్జెప్పు."

ఊఁ అన్నాను.

సోమవారానికి ముందు ఆదివారం ఉంది.