గోరింకలు అరుస్తున్న చోటు

బావా,

పెరటి తలుపు తియ్యకు. సాయంత్రం మొక్కలకి చెరకుపిప్పి కూడా వెయ్యకు. ఆ పిప్పి కుప్పలోకి పాము దూరింది.

పొద్దుట గోరింకలు కుప్ప చుట్టూ చేరి అరుస్తుంటే, పిల్లలకి ఎగరడం నేర్పుతున్నాయేమో అని మురిసిపోయి వీడియో తీశాను. గోడ అవతల నుంచి పద్మకుమారి అత్త, "ఏటే కొత్తపెళ్లికూతురా, మీ గోరింకలకీ పెళ్లా ఏటి? ఒకటే గోల సేత్తన్నాయి!" అంది. ఇద్దరం పగలబడి నవ్వాం. తర్వాత వీడియో చూసుకుంటే, అన్నీ తలలు వంచి ఒకే చోటికి చూస్తున్నాయి. వెళ్లి చూసేసరికి తోక లోపలికి జారిపోతోంది.

పాములు పట్టే కనకరాజు గారు ఫోన్ ఎత్తడం లేదు. స్కూటీ మీద మునగపాక వెళ్లి తీసుకొస్తాను. నీకు చేద్దామంటే నీ ఫోన్ మంచం మీద మోగుతోంది. మళ్లీ మరిచిపోయావు. అందుకే ఈ చీటీ వీధి తలుపుకి గుచ్చి వెళ్తున్నాను.

సన్నజాజి మీది గూట్లో తేనెపిట్ట పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చాయి! నోళ్లు తెరిస్తే నారింజ రంగు. నేను వచ్చాకే చూద్దువుగాని, నీ ముఖం నేను చూడాలి.

నీ సుమశ్రీ

బావా, ఇంట్లోకి కూడా వెళ్లకు. తాళం వేస్తుంటే పెరట్లో ఒక్క పిట్ట అరుపు లేదు. గోరింకలన్నీ వీధి వైపు మన పడకగది కిటికీ మీద వాలి, గదిలోకి చూస్తూ అరుస్తున్నాయి.