రెండో వైపు, బాసు మోగే చోట

షికాగో
అక్టోబరు 1967

ప్రియమైన లూషస్,

ప్రియమైన అన్నది చేతి అలవాటు, పొంగిపోకు. ఏ ఆల్బం వింటున్నామో నెలనెలా రాసుకోవాలనీ, అవతలివాడు చెప్పింది వినకుండా జవాబు రాయకూడదనీ కుర్రతనంలో నియమం పెట్టుకున్నాం కనక రాస్తున్నాను. నువ్వు ఆకాశానికెత్తిన ఆ కొత్త సాక్సఫోన్ వాడి ఆల్బం కొని విన్నాను. గిన్నెల అలమర మీద పిల్లి పడ్డట్టుంది. కార్ల ఫ్యాక్టరీలో నీ చెవులు పోయాయనుకునేవాణ్ణి. బుర్ర కూడా పోయినట్టుంది.

నేను వింటున్నది ఆర్వెల్ మింగో క్వార్టెట్. అవును, అదే. నలభై మూడో వీధి క్లబ్బులో మనం కూర్చుని ఉండగా రికార్డు చేసిన ఆల్బం. రెండో వైపు, ఆ నెమ్మది పాటలో పియానో ఆగిపోయి సైలస్ క్రంప్ వాయించే ఆ నిలువెత్తు తీగల బాసు ఒక్కటే మోగుతుంది. జనం ఊపిరి బిగబట్టి వినే చోటు. సరిగ్గా అక్కడే వెనక టేబుల్ దగ్గర ఎవడో దద్దమ్మ గుసగుసలు మొదలెడతాడు. ఆ దద్దమ్మవి నువ్వు. ఆ చోటు రాగానే సూది ఎత్తి అవతల వేసుకోవడమే నా బతుకైపోయింది. తప్పు ఒప్పుకుంటే నీ సొమ్మేం పోతుంది?

ఇట్లు,
నీ పాత పరిచయస్తుడు ఎల్‌వుడ్


డెట్రాయిట్
నవంబరు

మహారాజశ్రీ ఎల్‌వుడ్ గైన్స్ గారికి,

మింగో ఆల్బం నియమం ప్రకారం విన్నాను. మొదటినుంచి చివరిదాకా, సూది ఎత్తకుండా. నేను మాట్లాడలేదు. ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు? నువ్వేమో స్టేజి అంచుకి వెళ్ళి బాసు పక్కన గుంజలా నిలబడ్డావు. వెనకేం జరిగిందో నీకేం తెలుసు? పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసీ చేసీ మనుషుల్ని కూడా ఒక్క చూపుతో ఏదో ఒక అరలో పడేస్తావు.

ఆర్డెల్లా అంత్యక్రియల రోజున చర్చి మెట్ల మీద నేను పాస్టరుగారితో ఆమె గురించి నాలుగు మంచి మాటలు చెబుతుంటే, "నువ్వెప్పుడు నోరు మూసుకున్నావు గనక! ఆ రోజు క్లబ్బులోనూ ఇంతే" అని అందరి ముందూ అరిచావు. పెళ్ళాం పోయిన దుఃఖంలో ఉన్నావని ఊరుకున్నాను. రెండేళ్ళయింది. ఇంకా ఊరుకోవాలా?

ఈ నెల నేను వింటున్నది ఒక ట్రంపెట్ ఆల్బం. పేరు చెప్పను. నీకు చెప్పడం దండగ.

లూషస్ టార్ప్లీ


షికాగో
డిసెంబరు

లూషస్,

నేనేమీ వినడం లేదు. ఆల్బములన్నీ పెట్టెల్లో సర్దేశాను. క్రిస్మస్ అయ్యాక చర్చివాళ్ళు వచ్చి తమ సంతకి పట్టుకెళతారు. మింగోది మాత్రం ఇవ్వను. దాన్ని మేకుతో అటూ ఇటూ గీకి చెత్తలో పారేస్తాను. నీ వాగుడు ఇంకొకరి ఇంట్లో మోగడం నాకిష్టం లేదు.

మొన్న ఆర్డెల్లా నన్ను ఎలా పిలిచేదో గుర్తు చేసుకుందామని కూర్చున్నాను. మాటలు గుర్తున్నాయి. గొంతు రావడం లేదు. ఎంత తన్నుకున్నా రావడం లేదు. ఇంటినిండా రికార్డులే, ఒక్కదాంట్లోనూ తన గొంతు లేదు. సూది కిందపెడితే చాలు, ఇంట్లో ఎవర్నీ నోరు విప్పనిచ్చేవాణ్ణి కాదు కదా. నాకు చచ్చిపోవాలన్నంత బాధగా ఉంది. నీకు చెప్పడమెందుకో కూడా తెలియడం లేదు.

ఇక ఉత్తరాలు రాయకు.

ఎల్‌వుడ్


డెట్రాయిట్
డిసెంబరు, అర్జంటు పార్సిల్

ఎల్‌వుడ్,

మేకు కింద పెట్టు. గుసగుసలాడింది నేను కాదు. ఆర్డెల్లా.

ఆ టేబుల్ దగ్గర ఉన్నది నేనూ, తనూ. ఆల్బం బయటికొచ్చాక మీ ఇంట్లో ముగ్గురం కూర్చుని విన్నాం. గుసగుస వినబడగానే నువ్వు బల్ల గుద్ది నా మీద విరుచుకుపడ్డావు. ఆర్డెల్లా నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి చేతులు పట్టుకుంది. "నీకు పుణ్యముంటుంది లూషస్, అది నేనేనని చెప్పకు. మా ఆయన నన్ను క్షమిస్తాడు, కాదనను. కానీ ఆ పాట పెట్టినప్పుడల్లా క్షమిస్తూనే ఉంటాడు. అది నావల్ల కాదయ్యా!" అంది. ఒట్టు వేశాను. మీ ఇంటికొస్తే తను చేసిన చిలగడదుంప తీపి రొట్టెలో నాకో ముక్క ఎక్కువ పడేది, నువ్వు గుడ్లురిమి చూసేవాడివి. అందుకే పడేది.

తను పోయాక చెప్పొచ్చు కదా అంటావు. పోయిన మనిషికి నీ చేత తిట్లు పెట్టించడమెందుకని నేనే పడ్డాను. నీ రికార్డు ఈపాటికి గీకేసి ఉంటావని నాది పంపుతున్నాను. హెడ్‌ఫోన్లు కూడా పెట్టాను. నీ పాత డబ్బా స్పీకర్లలో మనిషి మాట తెలియదు. నీకు తన గొంతు దొరక్కపోవడమేమిటి, అక్కడికి రాగానే ప్రతిసారీ నువ్వే కదరా సూది ఎత్తేసింది!

చర్చి మెట్ల మీద నువ్వన్న మాట మాత్రం నేను మరిచిపోను.

లూషస్


షికాగో
జనవరి 1968

లూషస్,

పార్సిల్ అందింది. వారం రోజులు ముట్టుకోవడానికి భయమేసింది. ఈ ఉదయం విన్నాను.

తనే. "చూడు మా ఆయన్ని, ఆ బాసుకి కాపలా పెట్టినట్టు ఎలా నిలబడ్డాడో! నేను వెంట వచ్చానన్న సంగతే మరిచిపోయాడు. పోనీలే, ఆయన మొహం చూడు, ఎంత సంతోషంగా ఉన్నాడో" అంటుంది. తర్వాత నవ్వుతుంది. నేను ముసలి వెధవని, కుర్చీలో కూర్చుని ఏడ్చాను. పక్కింటావిడ వచ్చి తలుపు కొట్టింది.

చర్చివాళ్ళని వెనక్కి పంపేశాను. మెట్ల మీద అన్నది తప్పే. నువ్వు మరిచిపోనక్కర్లేదు.

ఒకటి చెప్పు. నవ్విన తర్వాత "ఎల్" అని నా పేరెత్తి తను ఇంకేదో అంటుంది. సరిగ్గా ఆ మాట మీదే సైలస్ క్రంప్ గాడు లావు తీగ పట్టుకుని దబదబా బాదుతాడు. మళ్ళీ మళ్ళీ పెట్టాను, ఒక్క ముక్క వినబడనివ్వడు. నువ్వు పక్కనే ఉన్నావు కదా, ఏమంది? ఆ దరిద్రుడు ఒక్క క్షణం వాయించడం ఆపి చావకూడదా, మా ఆవిడ మాట్లాడుతోంటే!

ఎల్‌వుడ్