తువ్వాల కింది నాలుగో వేలు

ఖాసిం,

నువ్వు పోయి ఏడాది దాటినా ఈ మాట నీకే చెప్పాలి. నీ జుబేదాకు పట్నం దవాఖానలో కడుపు కోసి గడ్డ తీశారు. ప్రాణానికి భయం లేదు కానీ, బిల్లు కడితేనే ఇంటికి పంపుతారట. నీ బిడ్డ మెహరున్ మా ఇంట్లోనే ఉంది. అమ్మ ఎప్పుడొస్తదని అడుగుతూనే ఉంది.

నేను చందా ఎత్తుతానంటే జుబేదా పడుకున్నచోటి నుంచే కసిరింది. "ఎవ్వర్నీ అడుగొద్దు భాయ్. ఆయన ఎద్దునమ్ము."

ఈరోజు జహీరాబాద్ అంగడికి తోలుకుపోయాను. నువ్వు దళారీగా బేరాలు చేసిన తువ్వాలనే భుజాన వేసుకున్నాను. రాయికోడ్ రైతొకడు ఎద్దు పళ్లు చూసి చెయ్యి చాపాడు. పైన తువ్వాల కప్పాను. కింద ఎన్ని వేళ్లు పట్టుకుంటే అన్ని పదివేలు, పట్టుకున్నాక మాట తిరగదు. నాకు ఈ పని కొత్త. నాలుగు వేళ్లు పట్టుకోవాల్సింది, మూడే పట్టుకున్నాను. మూడింటితో బిల్లు తీరదు.

అతను చెయ్యి తీయకుండా తువ్వాల వంక చూశాడు.

"గిది ఖాసిందే గదా? ఇంటామె దవాఖానల పడ్డదంట?"

తలూపాను. అతని నాలుగో వేలు మెల్లగా వచ్చి నా పిడికిట్లో దూరింది.

"అయింది బేరం" అని పైకి అన్నాడు.

చుట్టూ నిలబడ్డవాళ్లకు ఏమీ తెలియలేదు. జుబేదాకూ చెప్పను. తువ్వాల కింది మాట బయటపెట్టొద్దని నేర్పింది నువ్వే కదా.

నీ నర్సింలు