పలికే గుమ్మటం తలుపుకు తాళం వేయించమని మనవి

పురాతన కట్టడాల పరిరక్షణ అధికారి గారి సముఖమునకు,

విషయం: కొండమీది పాత ప్రార్థనా మందిరంలోనికి ఎవరినీ వెళ్ళనివ్వకుండా తక్షణమే మూసివేయించుట గురించి, అందరికంటే ముందు మా యాత్రా బృందాన్ని ఆపించుట గురించి.

అయ్యా,

నేను దర్జీల వీధిలో నివసించు గృహిణిని. వయసు యాభై. హైస్కూలు వరకు చదువుకున్నాను. మా ఆయన చొక్కాలు కుడతారు, నేను చేతిపని చేస్తాను. ఏటా మా వీధి పెద్దవాళ్ళను బస్సులో కూర్చోబెట్టుకుని ఈ ప్రాంతపు పాత మందిరాలన్నీ చూపించి తీసుకువచ్చే బాధ్యత నాది. ఎక్కడ మెట్లెక్కువ, ఎక్కడ మంచినీళ్ళు దొరకవు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఎక్కడ కూర్చోవచ్చు అన్నవి బయలుదేరక ముందే స్వయంగా వెళ్ళి చూసి వస్తాను. నేను చూడని చోటికి ఎవరినీ తీసుకువెళ్ళను. ఈ ఏడాది అలా చూసి వచ్చినందువల్లనే ఈ అర్జీ వ్రాయవలసి వచ్చినది.

1. సదరు మందిరం సంగతి తమ శాఖవారికి తెలియనిది కాదు. గుమ్మటం కింద అందరూ కూర్చుని, తలుపు మూసి, ఒకే గొంతుగా పాడితే కాసేపటికి పైనుంచి బదులు వస్తుంది. దాన్నే మావాళ్ళు పలకడం అంటారు. పలికితే అడిగినది అందినట్టే. బస్సెడు జనం గొంతు కలిపితే గాని పలకదు. ఒక్కోసారి అప్పుడూ పలకదు. ఒంటి మనిషికి పలికిందని నేను విని ఎరుగను.

2. ఈసారి చూసి రావడానికి వెళ్ళినప్పుడు మా అత్తగారు కూడా వెంట వచ్చారు. ఆవిడ కూతురు, అనగా మా ఆడపడుచు, ఏదో మాట పట్టింపు మీద తల్లితో మాట్లాడడం మానేసింది. అత్తగారు గుమ్మటం కింద నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గుసగుసగా, "అది మళ్ళీ నాతో మాట్లాడుతుందా?" అని అడిగారు.

గుమ్మటం పలికింది.

అయ్యా, నేనూ విన్నాను. రాతి లోపలి నుంచి ఎవరో మూలిగినట్టు, పొడుగ్గా. ఇద్దరం ఒకరినొకరం పట్టుకుని ఏడ్చాం. మెట్లు దిగుతుంటే ఆవిడ తలలో ఇసుక కనిపించింది. దులిపాను. నాలుగు మెట్లు దిగాక చూస్తే నా భుజాల మీదా ఉన్నది. గాలికి పడిందనుకున్నాను. ఆరోజు గాలి లేదు.

3. సాయంత్రానికి సంగతి వీధంతా పాకినది.

"గుసగుసకే పలికిందటే! ఇంక మనమంతా గొంతెత్తితే దేవుడు దిగివచ్చి మన పక్కనే కూర్చుంటాడు," అన్నారు కాజాలు కుట్టే పిన్నిగారు.

"నీ గొంతు వింటే వచ్చినవాడు కూడా లేచిపోతాడులే," అన్నారు బాబాయిగారు.

ఏనాడూ యాత్రకు రానివాళ్ళు కూడా పేర్లిచ్చారు. ఒక బస్సు రెండు బస్సులయింది. నాకు మాత్రం ఆ ఇసుక మనసులోంచి పోలేదు.

4. కావున మరునాడు ఒంటరిగా వెళ్ళాను. గుమ్మటం కింద కూర్చున్నాను. ఏమీ అడగలేదు, పెదవి కదపలేదు. పలికింది. ఆగి, మళ్ళీ పలికింది. గోడకు అరచేయి ఆనించాను. జ్వరం వచ్చిన బిడ్డ ఒళ్ళులా సన్నగా వణుకుతున్నది. బయటికి వచ్చి చూస్తే కొండ వెనక క్వారీలో కొత్తగా పెట్టిన కంకర ఆడించే యంత్రం నడుస్తున్నది. భోజనాల వేళ దాన్ని ఆపారు. మళ్ళీ లోపలికి వెళ్ళి, ఈసారి నిజంగానే ప్రార్థించాను. ఎంత వేడుకున్నా పైన ఉలుకూ లేదు, పలుకూ లేదు. యంత్రం మొదలైంది. గుమ్మటమూ మొదలైంది. ఇసుక రాలింది.

తల ఎత్తి చూస్తే రాళ్ళ సందులోంచి ఆకాశం కనపడుతున్నది. ఎప్పుడూ అక్కడ ఉండే పావురాలు ఒక్కటీ లేవు. గూళ్ళున్నాయి, గూళ్ళలో గుడ్లున్నాయి. వదిలేసి పోయాయి.

5. ఈ విషయమై తమ కార్యాలయానికి వచ్చి ఉన్నాను. గుమాస్తాగారు మర్యాదగా కుర్చీ వేశారు.

"ఎంతమందికి దెబ్బలు తగిలాయమ్మా?"

"ఇంకా ఎవరికీ తగల్లేదండీ."

"మరి ప్రమాదం ఫారంలో ఏం రాయమంటారు? జరిగాక రండి, వెంటనే తీసుకుంటాం."

"జరిగాక నేను రాలేను కదండీ. నేనూ లోపలే ఉంటాను."

"అయితే ఇంట్లోవాళ్ళనెవరినైనా పంపించండి."

ఆయన వెటకారంగా అనలేదు. సాయం చేద్దామనే అన్నారు. అందుకే నాకు భయం వేసినది.

తదుపరి తమ శాఖ నుంచి ఒక అధికారి వచ్చి, ఫోను మాట్లాడుతూ గడప బయటే నిలబడి చూసి, "కట్టడము దృఢముగా ఉన్నది" అని బోర్డు పెట్టించి వెళ్ళారు. ఆ బోర్డుకు కొట్టిన మేకు చుట్టూ గోడ పెచ్చు ఊడిపడినది. బోర్డు మాత్రం ఉన్నది.

6. ఇంట్లో చెప్పమని మా ఆయనను అడిగాను. "మా అమ్మకు నేను చెప్పలేను బాబూ, నువ్వే చెప్పుకో," అని మిషను ముందు కూర్చుని, దారం కూడా ఎక్కించకుండా తొక్కడం మొదలుపెట్టారు. నేనే చెప్పాను.

"అత్తయ్యా, అది పలకడం కాదు. క్వారీ యంత్రం అదురు."

"అదురైతే నేను అడిగిన క్షణానికే ఎందుకొస్తుందే?"

"అడక్కపోయినా వస్తోంది అత్తయ్యా. నేను నోరు మూసుకుని కూర్చున్నా వచ్చింది."

"నువ్వు నోరు తెరిచింది ఎప్పుడులే. నీ మనసులో మాట ఆ దేవుడికి వినపడి ఉంటుంది." తరవాత ఆవిడ గొంతు తగ్గించారు. "నా కూతురు మాట్లాడుతుందన్న ఆశ ఒక్కటి దొరికిందే నాకు. దాన్ని కూడా లాక్కుంటావా?"

అయ్యా, దీనికి ఏమి జవాబు చెప్పవలెనో తమకు తోచినచో తెలుపగలరు.

7. ఆ మందిరం వద్దు, మిగిలినవి చూద్దామని వీధివాళ్ళకు చెప్పాను. వినలేదు. నాకు నమ్మకం సడలిందని, ఇంటి పట్టున ఉండి ప్రార్థన చేసుకోమని చెప్పి, పెత్తనం పిన్నిగారికి అప్పగించారు. బస్సులు రేపు వేకువనే బయలుదేరుతున్నవి. మొదటి మజిలీ ఆ కొండే. పొద్దున్నే కాళ్ళల్లో సత్తువ ఉంటుందని దాన్ని మొదట పెట్టింది నేనే. నేను వేసిన దారినే పోతున్నారు. రెండు బస్సుల జనం ఆ గుమ్మటం కింద కూర్చుని, తలుపు మూసుకుని, ఒక్కసారిగా గొంతెత్తుతారు. మధ్యలో మా అత్తగారు కూర్చుంటారు.

దేవుడు పలకడని నేను అనడం లేదు. నేను ఆయన్ను అడగని రోజు లేదు. ఇది ఆయన గొంతు కాదని మాత్రమే మనవి చేయుచున్నాను.

కావున తమరు దయయుంచి మందిరం తలుపుకు తాళం వేయించి, కాపలా మనిషిని పెట్టించి, సదరు యంత్రాన్ని ఆపించవలసినదిగా ప్రార్థన. ఈ అర్జీని ఆ బస్సులు కొండ చేరే లోపుగా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
దర్జీల వీధి యాత్రలకు ముందుగా దారి చూసి వచ్చు మనిషి

తా.క.: తమరు ఊళ్ళో లేరని, రేపు మధ్యాహ్నానికి గాని రారని ఇప్పుడే చెప్పారు. ఈ కాగితం కార్యాలయం వాచ్‌మన్ చేతికి ఇచ్చి వెళుతున్నాను. తమకు ఫోనులో చదివి వినిపిస్తానని ఒట్టు వేశాడు. తాళం నేనే కొని వేద్దామనుకున్నాను గాని మావాళ్ళు తాళాన్ని పగలగొడతారు. నన్ను పగలగొట్టలేరు కదా. తలుపుకు లోపల పెద్ద అడ్డగడియ ఉంది. వాళ్ళకంటే ముందే లోపలికి వెళ్ళి గడియ వేసుకుంటాను. అత్తయ్య తలుపు బాదుతారు, తిడతారు, ఏడుస్తారు. తియ్యను. ఆవిడ బయట ఉంటే చాలు. మీ మనిషి వచ్చి పిలిస్తేనే తీస్తాను. కాస్త తొందరగా పంపించండి నాయనా. క్వారీలో పని పొద్దున్నే మొదలవుతుంది.