మా గెడ్డను నాలా అని రాయించిన ఇంజనీరు గారికి

బతు బస్తీ,
పోర్ట్ బ్లెయిర్.

కాలువల పనులు చూచు జూనియర్ ఇంజనీరు గారి సముఖమునకు
(పేరు వ్రాయలేదు. కారణము చివరన మనవి చేసుకుంటాను.)

అయ్యా,

విషయం: బతు బస్తీ వెనుక కొండ మీదనుండి దిగు గెడ్డలో, కల్వర్టుకు ఎగువన మిగిలియున్న ఒక్క మడుగును సోమవారం నాడు జె.సి.బి.తో తవ్వి సిమెంటు చేయు పనిని నిలుపుదల చేయించుట గురించి.

సదరు బస్తీలో టిఫిన్ దుకాణం నడుపుకొను రాజకుమారి అను నేను మా ఆదివారం జట్టు తరఫున వ్రాసుకొను అర్జీ ఏమనగా:

అర్జీలు హిందీలో గాని ఇంగ్లీషులో గాని ఉండవలెనని తమ కౌంటరులో చెప్పారు. అయినను తెలుగులోనే వ్రాయుచున్నాను. తమరు తెలుగు గడగడా మాట్లాడుదురు గాని, చదవాలంటే కూడబలుక్కోవలెనని నాకు తెలుసు. కూడబలుక్కునే చదవండి. పోయినసారి ఒక్క మాటను హిందీలో వ్రాసినందుకే మా కొంప మునిగింది.

1. సదరు గెడ్డలో మా దీవుల సొంత జాతి చిన్న కొర్రమీను కలదు. మార్కెట్టులో అమ్మే రకము కాదు, వేలెడు చేప. ఇందులో మగది పిల్లలను నోట్లో పెట్టుకుని కాపాడును. పిల్లలు నోట్లో ఉన్నన్నాళ్ళు మేత ముట్టదు. దానికి కావలసినవి నీడ, రాళ్ళ సందులు, నానిన ఆకు, తొందర లేని నీరు. బస్తీలో ఇళ్ళు లేచిన కొద్దీ గెడ్డలోని రాళ్ళు పునాదులలోకి పోయినవి, గట్టు మీది చెట్లు పొయ్యిలలోకి పోయినవి, బదులుగా పిల్లల డైపర్లు వచ్చి చేరినవి. చేప కనబడుట మానినది.

2. కావున మా జట్టువారము ఎవరి బలవంతము లేకుండా ఆదివారాలు గెడ్డలో దిగితిమి. డైపర్లు ఏరితిమి. రాళ్ళు మోసి తెచ్చి మళ్ళీ నీటిలో పేర్చితిమి. గట్టున మొగలి, చేమ నాటితిమి. ఎండుకొమ్మలు మోపులుగా కట్టి చేపలకు నీడగా మడుగులలో దింపితిమి. అప్పలరాముడు అను మా జట్టు మనిషి వారమంతా సముద్రం మీద వేట చేసి, ఉన్న ఒక్క సెలవు రోజునూ నీళ్ళలోనే గడిపినందుకు భార్యచేత చీవాట్లు తిన్నాడు. డైరీ ఫార్మ్ అను పేట నుండి వచ్చు కాళమ్మగారు (తమరికి బాగా తెలిసిన మనిషే) మోకాళ్ళ నొప్పులతో దిగలేక, గట్టున కూర్చుని మోపులకు తాళ్ళు కట్టేది. ఆవిడ ముడి వేస్తే మళ్ళీ విప్పడం ఎవరి తరమూ కాదు.

చేప వచ్చినది. మొదట కాళమ్మగారే చూసి "వొచ్చిందర్రా, వొచ్చింది!" అని అరిచిన అరుపుకు, పాము వచ్చిందనుకుని అప్పలరాముడు గట్టెక్కేశాడు.

3. ఇట్లుండగా తమరు వచ్చిరి. ఇన్‌స్పెక్షన్‌కు అని వచ్చి, ప్యాంటు మడిచి మాతోపాటు నీళ్ళలో దిగిరి. "ఇది మన పని అక్కా" అంటిరి. ఆ తరువాత ప్రతి ఆదివారం వచ్చిరి. నా దుకాణంలో చేపల పులుసు రెండోసారి అడిగి మరీ వేయించుకున్నారు (సముద్రపు చేప, గమనించగలరు). ఈ గెడ్డను ఎవరూ ముట్టకుండా ఆఫీసు నుండి కాగితం తెప్పించే పూచీ తమదేనని మాట ఇచ్చిరి. అర్జీ ఎట్లు వ్రాయవలెనో కూడా తమరే చెప్పిరి. తమరి నోటి మాటలు ఉన్నవున్నట్టుగా:

"అక్కా, గెడ్డ వద్దు, నాలా లిఖ్‌దో. గెడ్డ అంటే ఆఫీస్‌లో కిసీకో సమఝ్ కాదు. నాలా అంటే ఫైలు జల్దీ కదుల్తాది."

కాళమ్మగారు అప్పుడే అడ్డుపడినది. "నాలా అంటే ఇంటెనకాల మురిక్కాలవ కాదేట్రా? మా అమ్మ దీన్ని గెడ్డనే అనీది. గెడ్డని గెడ్డనే రాయండి."

తమరు నవ్విరి. "అరే, దోనో ఏక్ హీ హై, రెండూ ఒకటే. నేనున్నాను కదా!" అంటిరి. ఆ మాట నమ్మి నాలా అనే వ్రాసి ఇచ్చితిని.

ఈ దీవులలో కొండ దిగు నీటినీ నాలా అంటాము, దుకాణం వెనుక గిన్నెలు కడిగిన నీళ్ళు పోయేదాన్నీ నాలాయే అంటాము. మా నోట రెండు అర్థాలున్నా, తమ ఆఫీసులో నాలాకు ఒకటే అర్థమట. తవ్వాలి, తిన్నగా చేయాలి, సిమెంటు పోయాలి. ఈ సంగతి మాకు తెలియదు. తమరికి తెలియదా? అక్కడే ఉద్యోగం చేయుచున్నారు గదా!

4. జె.సి.బి. వచ్చిన రోజు దోసెల పిండి చేతులతోనే పరుగెత్తుకుంటూ వచ్చితిని. అప్పటికే కల్వర్టుకు దిగువ భాగమంతా అయిపోయింది. మేము పేర్చిన రాళ్ళు, కొమ్మల మోపులు, నాటిన మొగలి, అంతా చెత్త అని లారీకి ఎక్కించిరి. కాళమ్మగారు వేసిన ముళ్ళు అప్పటికీ విడలేదు, మోపులు మోపులుగానే లారీలో పోయినవి. తమరు గట్టున గొడుగు కింద నిలబడియుంటిరి. నేను చెయ్యి పట్టుకోబోతే వెనక్కి జరిగి ఏమన్నారు?

"మేడమ్, ఊపర్ సే ఆర్డర్ హై. ఆప్ లోగ్ సైడ్ హో జాయియే."

అయ్యా, నిజం చెబుతున్నాను, ఏ మేడమ్ వచ్చిందోనని నేను వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. కాళమ్మగారు మాత్రం తాడు చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. తమరు ఆవిడ వైపు చూడనేలేదు.

5. ఇప్పుడు కల్వర్టు దగ్గర బోర్డు పెట్టిరి. "స్థానికుల అభ్యర్థన మేరకు నాలా అభివృద్ధి" అని. ఆ స్థానికులు ఎవరయ్యా? నేనే! నా చేతి వ్రాతే చూపించి నా గెడ్డను పూడ్చిరి. బస్తీలో ఆడవాళ్ళు నన్ను చూసి "దీదీ, తుమ్హీ నే తో మాంగా థా", అడిగింది నువ్వే కదా అంటుంటే ఎవరికని చెప్పుకోను? ఆర్డరు ఇచ్చిన పైవాళ్ళ మీద నాకు కోపం లేదు, వాళ్ళెవరో నాకు తెలియదు. మాతో నీళ్ళలో నిలబడిన మనిషి ఇట్లు చేయుటే కడుపు మండిస్తున్నది. ఆ వేలెడు చేప ఆకలికి ఓర్చుకుంటుంది గాని నోట్లోవి మింగదు. తమరు మాకిచ్చిన మాటను ఎట్లా మింగేశారు?

ఆ బురదలోనుండి అప్పలరాముడు ఒక్క మగ చేపను చేతులతో తీయగలిగాడు. దుకాణం వెనుక నీలం డ్రమ్ములో ఉన్నది. బుగ్గ ఉబ్బియున్నది, అనగా నోట్లో పిల్లలు ఉన్నవి. మేత వేస్తే ముట్టుట లేదు. పిల్లలను వదలవలసిన వేళకు దానికి చోటు కావలెను. డ్రమ్ములో బతకవు. ఎగువ మడుగు ఒక్కటే మిగిలినది.

కావున తమరు దయతో సోమవారం పని ఆపించి, ఫైలులో నాలా అని ఉన్నచోటల్లా గెడ్డ అని దిద్దించవలసినదిగా ప్రార్థన. హిందీలో ఆ మాట లేకుంటే తెలుగు మాటనే హిందీ అక్షరాలలో వ్రాయండి. అర్థం కానివారు వచ్చి నన్ను అడుగుతారు, గెడ్డ దగ్గరికి తీసుకుపోయి చూపిస్తాను.

చిత్తగించవలెను.

ఈ కాగితము వరకు మాత్రమే
తమ విధేయురాలు,
రాజకుమారి

తా.క.: తమ్ముడూ, ఇక ఈ తమరు గిమరు నా వల్ల కాదు. పేరెందుకు రాయలేదో చెబుతానన్నాను కదా. రాయబోతే మీ అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆ పేరెట్టింది నాను. ఈ కాయితం మీద అది రాయొద్దు. ఆపీసరు గారికని రాయి, సాలు" అంది.

అర్జీ కింద మొదటి వేలిముద్ర ఆవిడదే. కాళమ్మ అని సంతకం పెట్టడం నువ్వే నేర్పావు, నాకు తెలుసు. పెన్ను చేతికిస్తే పక్కన పెట్టేసింది. "ఆడు నేర్పింది నాకొద్దు" అని బొటనవేలికి సిరా పూసుకుంది.

సోమవారం పొద్దున్నే మడుగులో దిగి కూర్చుంటానంటోంది. మోకాళ్ళు నొప్పి కదమ్మా అన్నా వినడం లేదు. అప్పలరాముడు కుర్చీ వేస్తానన్నాడు, అదీ వద్దంది. నన్నంటే మేడమ్ అనేశావు, సరే. జె.సి.బి. ముందు నీళ్ళలో కూర్చున్న ఆవిడని ఏమని పిలిచి పక్కకు జరగమంటావో, దారిలో ఆలోచించుకుంటూ రా.