నాలుగు వేళ్ల వెలితి

ఐరాల,
1943 ఫిబ్రవరి.

చిరంజీవి సౌభాగ్యవతి మునిరత్నమ్మకు మీ నాయన వరదయ్య వేయి దీవెనలతో రాయడం. ఇక్కడ నేనూ మీ అమ్మా క్షేమం. అక్కడ నువ్వూ అల్లుడూ బిడ్డలూ క్షేమమని తలుస్తాను.

నీ జాబు అందింది తల్లీ! కాళ్ల వాపు దిగిందని, ఆయాసం లేకుండా నడుస్తున్నావని నాలుగుసార్లు కూడబలుక్కుని చదివాను. వీధంతా బెల్లం పంచాను. ఈ ముసలివాడు ఏడ్చాడు కూడా. నీ పెద్దకూతురికని నువ్వడిగిన చింతకాయ పచ్చడి మీ అమ్మ జాడీలో పెట్టి ఉంచింది.

ఆ సంతోషం వెనకే ఒళ్లు మండిపోతోంది. మేము పంపిన నువ్వుల నూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలిసిందని, అది మాన్పించాకే వాపు తగ్గిందని డాక్టరు చెప్పినట్టు రాశావు. గానుగ గురప్ప మోసం చేశాడా అని అడిగావు.

నిన్న పార తీసుకుని మన బీడులోకి పోయాను. ఆ పచ్చపూల బ్రహ్మదండి ముళ్లమొక్క మా తాత కాలంలో ఇక్కడ లేనే లేదట. పరదేశం నుంచి ఓడల్లో వచ్చిందని బడి అయ్యవారు అంటారు. ఎవరు పిలిచారు దాన్ని? చేతులు నెత్తురు కారేదాకా పెరికాను. గట్టు మీద పోతున్న గురప్ప ఆగాడు.

"దాని మీద కోపమేంది మామా? గింజలేరి నా గానుగకు తెచ్చింది నువ్వే కదా! కిరసనాయిలు దొరకలేదు, దీపానికంటివి. నోట్లోకి పోనియ్యొద్దని ఆ పొద్దే చెప్తి."

"నోరు మూసుకోని పోరా!" అని అరిచాను. అరిచానే గానీ, వాడన్నది నిజం.

గురప్ప మోసం చేయలేదు తల్లీ. నీ కాన్పుకు సారె పంపిన రోజు నువ్వుల నూనె కుండకు నాలుగు వేళ్లు తక్కువైంది. వెలితి కుండ వియ్యంకుల ఇంటికి పోతే నలుగురూ ఏమంటారోనని, దీపాల నూనె పోసి నింపాను. కొంచెమే కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. నేనే పోశాను.

పైగా నీకు వాపు రాగానే, కూడు పెట్టక మాడ్చిందని మీ అత్తమ్మ తిరుమలమ్మను మీ ఊరు నగరికి వచ్చి వీధిలో నిలబడి తిట్టాను. ఆ మహాతల్లి తాను ఒక్క చుక్క ముట్టకుండా, పుట్టింటి నూనె బాలింతకు మంచిదని అంతా నీ కూటిలోకే పోసిందని రాశావే, అది చదివాక నా చెప్పుతో నన్నే కొట్టుకోవాలనిపించింది.

ఆమెతో నువ్వేమీ చెప్పవద్దు. శుక్రవారం బస్సుకు వస్తున్నాను. గానుగ కడిగించి, నా కళ్ల ముందే ఆడించిన నువ్వుల నూనె తెస్తాను. ఈసారీ కుండ నిండలేదు. అట్లాగే తెచ్చి మీ అత్తమ్మ ముందు దించుతాను. ఆమెను ఏ వీధిలో తిట్టానో ఆ వీధిలోనే నిలబడి, నలుగురికీ వినబడేలా నా తప్పు చెబుతాను.

ఇట్లు,
నీకు ముఖం చూపించడానికి సిగ్గుపడుతూనే బయలుదేరుతున్న
నీ నాయన
వరదయ్య