స్టేషన్‌లో పెట్టిన తుపాకి

తిరువూరు

చిరంజీవి అనూహ్యకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా అని రాయడం అలవాటు గానీ, ఈసారి ఆ అబద్ధం రాయను. గుంటూరులో నువ్వు కులాసాగా ఉంటే అదే చాలు. ఫోన్ చెయ్యొచ్చుగా అనకు, మీ నాన్న వింటూ ఉంటారు.

ఆయన కాలు ఎలా ఉందని అడిగావు. మోకాలి దగ్గర కుట్లు మానాయి. లేని పాదం దురదపెడుతోందని అరుస్తారు, గోకడానికి ఏముంది నా మొహం! ఆ హెడ్ కానిస్టేబుల్ మీద నువ్వు రాసి కొరియర్‌లో పంపిన అర్జీ అందింది. "లాయరు కూతుర్ని కన్నాను, ఆ హెడ్డుగాడి ఉద్యోగం ఊడగొట్టిస్తా" అంటూ సంతకానికి పెన్ను వెతుక్కుంటుంటే, నేనే ఆయన కళ్ళజోడు దాచేశాను.

ఎన్నికలప్పుడు అందరిలాగే మీ నాన్నా లైసెన్సు తుపాకి స్టేషన్‌లో అప్పగించారు. ఫలితాలయ్యాక అందరివీ ఇచ్చేసి, మనదే ఎందుకు ఆపారని అడిగావు. హెడ్ కానిస్టేబుల్ అంతోనయ్య "పైనుంచి ఆర్డరు రాలేదండి" అని మూడు నెలలు తిప్పిన మాట నిజమే. తిప్పమన్నది నేను.

నీకు చెప్పలేదు తల్లీ. అప్పగించడానికి వారం ముందు, ఎ.కొండూరు చేలో హద్దురాయి జరిపాడని మీ నాన్న మీ బాబాయి గుండెకే ఆ తుపాకి గురిపెట్టారు. కాళ్ళు పట్టుకుని ఆపాను. అందుకే స్టేషన్‌కెళ్ళి, "గట్టు తగాదా తేలేదాకా ఏదో ఒకటి చెప్పి ఆపండన్నా, మీకు పుణ్యముంటుంది" అని చేతులు జోడించాను. "సరేలేమ్మా, తిట్లు నేను పడతాను" అన్నాడు అంతోనయ్య.

ఆ చేలోకే, మొక్కజొన్న మీదికి అడవిపందులు దిగాయి. తుపాకి ఉంటే గాల్లోకి ఒకటి పేల్చేవారు. కర్ర పట్టుకెళ్ళారు. పంది ఆయన కాలు చీల్చేసింది. కేకలు విని పక్క చేలోంచి పరిగెత్తుకొచ్చి, భుజానేసుకుని కారెక్కించింది మీ బాబాయే. తుపాకి ఇప్పిస్తే వాడి ప్రాణం పోయేది, ఇప్పించనందుకు ఈయన కాలు పోయింది. ఏదైనా నా చేతి మీదుగానే!

కాలు పోయిన సంగతి తెలిసి, పోయిన ఆదివారం అంతోనయ్యే తుపాకి తెచ్చిచ్చాడు. మీ నాన్న నోటికొచ్చినట్టు తిట్టారు. తలొంచుకుని విన్నాడు, నావైపు ఒక్కసారి చూశాడు. నేను తలుపు చాటుకు తప్పుకున్నాను. మంచినీళ్ళైనా ఇవ్వలేదు. ఛీ, నాదీ ఒక బతుకేనా!

అర్జీ చించేశాను. తిట్టుకుంటే నన్ను తిట్టుకో. రేపు పొద్దున్నే మీ బాబాయిని వెంటబెట్టుకెళ్ళి ఆ తుపాకిని మళ్ళీ స్టేషన్‌లో అప్పగించి వస్తాను. వచ్చాక మీ నాన్న మంచం పక్కన కూర్చుని అంతా చెప్పేస్తాను.

ఇట్లు,
మీ అమ్మ
సరోజిని